సాక్ష్యం బెర్లిన్‌లో, సాక్షి మాస్కోలో: స్నోడెన్ ఆశ్రయంపై సంశయాల పరిశీలన

విజిల్‌బ్లోయర్ అన్న మాటకు తెలుగు పత్రికలు 'ప్రజావేగు' అన్న పదాన్ని వాడుతున్నాయి. ఆ పదంలో గౌరవంతో పాటు అనుమానం కూడా ఇమిడి ఉంది. వేగు అంటే రాజు నియమించిన గూఢచారి. అతని మాటకు విలువ కట్టేముందు, అతడు ఎవరి ఉప్పు తింటున్నాడని అడగడం లోకసహజం. ముందు 'ప్రజ'ను చేర్చినంత మాత్రాన ఆ ప్రశ్న తొలగిపోదు. ప్రజల తరఫున రహస్యాన్ని బయటపెట్టినవాడు ఆ తరువాత మరొక రాజ్యం నీడకు చేరితే, ఇతడు అసలు ఎవరి వేగు అన్న సంశయం తలెత్తుతుంది. జర్మన్ చట్టం ఇదే వ్యక్తిని 'హిన్‌వైస్‌గేబర్' అంటుంది. సూచన ఇచ్చేవాడని అర్థం. ఆ మాటలో గూఢచర్యపు ఛాయ లేదు, ధైర్యం ఛాయ కూడా లేదు.

ఎడ్వర్డ్ స్నోడెన్ విషయంలో 2013 నుంచి వినవస్తున్న సంశయం ప్రధానంగా అతని ఆశ్రయం చుట్టూనే తిరుగుతున్నది. అతడు బయటపెట్టిన పత్రాలు నకిలీవని నిలబడే వాదన ఎవరూ చేయలేదు. పౌరస్వేచ్ఛ కోసం మాట్లాడినవాడు రష్యాలో ఎందుకు ఉన్నాడన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నను మాస్కో వైపు నుంచి కాక బెర్లిన్ వైపు నుంచి చూస్తే వేరొక చిత్రం కనిపిస్తుంది. స్నోడెన్ ఇచ్చిన సాక్ష్యాన్ని యూరప్‌లో ఎక్కువగా వినియోగించుకున్న దేశాల్లో జర్మనీ ముందువరుసలో ఉంది. సాక్షిని గడప దాటనివ్వని దేశం కూడా అదే.

సంశయవాదుల మూడు వాదనలు

సంశయవాదాన్ని తేలికగా కొట్టిపారేయడం సరికాదు. అందులో మూడు వేర్వేరు వాదనలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే గాని ఏది నిలుస్తుందో తెలియదు.

మొదటిది నైతికమైనది. చట్టాన్ని మనస్సాక్షి కోసం ఉల్లంఘించినవాడు ఆ ఉల్లంఘనకు శిక్షను కూడా అంగీకరించాలి. గాంధీజీ సత్యాగ్రహ సంప్రదాయంలో పెరిగిన భారతీయులకు ఈ వాదన సులభంగా మనసుకెక్కుతుంది. దీనికి అమెరికాలో చూపే ఉదాహరణ డేనియల్ ఎల్స్‌బర్గ్. వియత్నాం యుద్ధానికి సంబంధించిన పెంటగాన్ పత్రాలను 1971లో పత్రికలకు ఇచ్చి, దేశంలోనే ఉండి విచారణను ఎదుర్కొన్నాడు. 1973 మే నెలలో న్యాయమూర్తి అతనిపై అభియోగాలన్నిటినీ కొట్టివేశారు.

రెండవది రాజకీయమైనది. స్నోడెన్ మొదట చైనా అధీనంలోని హాంకాంగ్‌కు, ఆ తరువాత రష్యాకు వెళ్లాడు. అమెరికా ప్రత్యర్థుల గడ్డనే వరుసగా ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదన్నది వాదన. జర్మనీ అంతర్గత నిఘా సంస్థ అధిపతి హాన్స్ గేయోర్గ్ మాసెన్ 2016 జూన్‌లో పార్లమెంటరీ విచారణ సంఘం ముందు ఇటువంటి అనుమానమే వ్యక్తం చేశాడు. స్నోడెన్ రష్యా ఏజెంటు అన్నది నిరూపితం కాలేదంటూనే, అలా అయ్యే అవకాశం ఉందని సూచించాడు. స్నోడెన్ వెంటనే జర్మన్ భాషలో, అదే వాక్యంలో తన పేరు తీసివేసి మాసెన్ పేరు పెట్టి బదులిచ్చాడు. 'నిరూపితం కాలేదు' అన్న మాటను ఎవరికైనా తగిలించవచ్చునని ఆ హాస్యం గుర్తుచేసింది.

మూడవది పర్యవసానానికి సంబంధించినది. ప్రారంభంలో ఉద్దేశం ఏదైనా, ఆశ్రయమిచ్చిన రాజ్యం దాని మూల్యాన్ని వసూలు చేసుకుంటుంది. ఈ మూడింటిలో బలమైనది ఇదే. అయితే చర్చల్లో తక్కువగా వినిపించేది కూడా ఇదే.

ఎంపిక జరిగిన తీరు

స్నోడెన్ 2013 మే 20న హవాయి నుంచి హాంకాంగ్‌కు బయలుదేరాడు. జూన్ 5న మొదటి కథనం వెలువడింది. జూన్ 9న తన పేరును తానే ప్రకటించుకున్నాడు. జూన్ 14న అమెరికా ప్రభుత్వం అతనిపై మూడు అభియోగాలు దాఖలు చేసింది. వాటిలో రెండు 1917 నాటి గూఢచర్య చట్టం కింద మోపినవి. ఆ చట్టం కింద నడిచే కేసులో, తాను చేసినది ప్రజాహితం కోసమని జ్యూరీ ముందు వాదించుకునే వీలు నిందితునికి ఉండదు. అటువంటి వాదనకు అవకాశమిస్తే తిరిగివస్తానని స్నోడెన్ పలుమార్లు అన్నాడు. ఎల్స్‌బర్గ్ ఉదాహరణ నిలవనిది ఇక్కడే. 2013 జూలైలో ఎల్స్‌బర్గ్ స్వయంగా ఒక వ్యాసం రాసి, 1971 నాటి అమెరికా వేరని, స్నోడెన్ దేశం విడవడం సరైన పనేనని వాదించాడు. విచారణ కాలంలో తాను బెయిలుపై బయట ఉండి స్వేచ్ఛగా మాట్లాడగలిగాడని, స్నోడెన్‌కు ఆ అవకాశం దొరకదని అతని వివరణ. మరుసటి నెలలోనే చెల్సీ మానింగ్‌కు 35 ఏళ్ల శిక్ష పడింది.

జూన్ 22న అమెరికా స్నోడెన్ పాస్‌పోర్టును రద్దు చేసింది. మరునాడు అతడు మాస్కో విమానం ఎక్కాడు. అక్కడి నుంచి హవానా మీదుగా లాటిన్ అమెరికాకు చేరాలన్నది ఆలోచన. జూన్ 24న హవానాకు వెళ్లే ఏరోఫ్లాట్ విమానంలో అతని కోసం ఎక్కిన విలేకరులకు ఖాళీ సీటు మాత్రమే కనిపించింది. సంశయవాది ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేయవచ్చు: రద్దయిన పాస్‌పోర్టుతో, మాస్కో మీదుగానే ఎందుకు బయలుదేరాలి? ఆ మార్గాన్ని ఎంచుకున్నది స్నోడెనూ, అతనికి తోడ్పడిన వికీలీక్స్ బృందమూ. రష్యా తనను ఇరుకున పెట్టుకునే ప్రమాదాన్ని వారు తక్కువగా అంచనా వేశారన్న విమర్శ నిలుస్తుంది. కాని ఒక మజిలీని తప్పుగా లెక్కవేయడమూ, ఒక రాజ్యాన్ని కోరి వరించడమూ ఒకటి కావు.

ఆ తేడాకు దాఖలా మరుసటి వారంలోనే ఉంది. విమానాశ్రయపు ట్రాన్సిట్ ప్రాంతం నుంచి స్నోడెన్ తరఫున మొత్తం 21 దేశాలకు ఆశ్రయ అభ్యర్థనలు వెళ్లాయి. వాటిలో జర్మనీ, ఫ్రాన్స్, నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్ ఉన్నాయి. భారతదేశమూ ఉంది. అమెరికాకు హాని కలిగించే పని మానుకుంటేనే ఉండవచ్చునని పుతిన్ షరతు పెట్టగానే స్నోడెన్ రష్యాకు పంపిన అభ్యర్థనను ఉపసంహరించుకున్నాడని రష్యా అధికార ప్రతినిధే ప్రకటించాడు. తక్కిన దారులు మూసుకుపోయిన తరువాత, జూలై మధ్యలో, మళ్లీ రష్యానే అడగవలసి వచ్చింది. దాదాపు 40 రోజులు విమానాశ్రయంలో గడిపాక ఆగస్టు 1న తాత్కాలిక ఆశ్రయం లభించింది.

దారులు మూసుకుపోయాయన్న మాటకు 2013 జూలై 2 ఒక్కటే చాలు. అభ్యర్థనను అంగీకరించేందుకు కారణం కనిపించలేదని భారత విదేశాంగ శాఖ ఆ రోజే చెప్పింది. జర్మనీ కూడా అదే రోజు నిరాకరించింది. ఆ సాయంత్రం బొలీవియా అధ్యక్షుడు ఈవో మొరాలిస్ మాస్కో నుంచి స్వదేశానికి బయలుదేరాడు. స్నోడెన్ అందులో ఉన్నాడన్న పుకారుతో యూరప్ దేశాలు గగనతలాన్ని నిరాకరించగా, విమానం వియన్నాలో దిగవలసి వచ్చింది. కొద్ది రోజుల్లో వెనిజులా, నికరాగువా, బొలీవియా ఆశ్రయం ఇవ్వజూపాయి. అయితే ఒక దేశాధ్యక్షుడి విమానమే దాటలేని గగనతలాన్ని పాస్‌పోర్టు లేని ప్రయాణికుడు దాటే మార్గం ఏదీ కనబడలేదు.

జర్మనీ లెక్క

జర్మనీ నిరాకరణకు చూపిన కారణం సాంకేతికమైనది. ఆశ్రయం కోరేవాడు జర్మన్ గడ్డ మీద నిలబడి అడగాలి. స్నోడెన్ మాస్కోలో ఉన్నాడు. జర్మన్ నివాస చట్టంలోని 22వ సెక్షన్ మరొక వీలును కల్పిస్తుంది. మానవతా కారణాలపై గాని, జర్మనీ రాజకీయ ప్రయోజనాల కోసం గాని విదేశంలో ఉన్న వ్యక్తిని దేశంలోకి అనుమతించవచ్చు. ఆ సెక్షన్ వర్తించే పరిస్థితులు లేవని ప్రభుత్వం తేల్చింది.

రాజకీయ ప్రయోజనం లేదన్న తీర్పు కొద్ది నెలల్లోనే ఇబ్బందికరంగా మారింది. 2013 అక్టోబరులో ఛాన్సలర్ అంగేలా మెర్కెల్ మొబైల్ ఫోను అమెరికా నిఘాలో ఉన్నదన్న వార్త వెలువడింది. మిత్రుల మధ్య గూఢచర్యం పనికిరాదని మెర్కెల్ బహిరంగంగా అన్నది. అక్టోబరు 31న గ్రీన్ పార్టీ ఎంపీ హాన్స్ క్రిస్టియన్ ష్ట్రోబెలె మాస్కో వెళ్లి స్నోడెన్‌ను కలిశాడు. భద్రత కల్పిస్తే జర్మనీకి వచ్చి సాక్ష్యం చెప్పడానికి అతడు సిద్ధంగా ఉన్నాడన్న సమాచారంతో, ఒక లేఖతో తిరిగి వచ్చాడు. 2014 మార్చి 20న బుండెస్టాగ్ ఎన్‌ఎస్‌ఏ నిఘాపై విచారణ సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఆ సంఘం పుట్టుకకు కారకుడైన సాక్షిని బెర్లిన్‌కు పిలవాలా వద్దా అన్న వివాదం మూడేళ్లు సాగింది.

స్నోడెన్‌ను రప్పిస్తే అమెరికాతో సంబంధాలకు, ముఖ్యంగా నిఘా సంస్థల సహకారానికి హాని జరుగుతుందని ప్రభుత్వం వాదించింది. ప్రతిపక్షాలు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లగా, 2014 డిసెంబరులో ఆ పిటిషను విచారణార్హం కాదని తేలింది. 2016 నవంబరులో ఫెడరల్ న్యాయస్థానంలోని ఒక న్యాయమూర్తి ప్రతిపక్షాలకు అనుకూలంగా ఆదేశమిచ్చాడు. 2017 ఆరంభంలో అదే న్యాయస్థానపు ధర్మాసనం ఆ ఆదేశాన్ని రద్దు చేసింది. ఆ వేసవిలో సంఘం తన నివేదికను సమర్పించింది. స్నోడెన్ బెర్లిన్‌లో అడుగుపెట్టలేదు.

ఈలోగా విచారణ వేరొక వైపు తిరిగింది. జర్మనీ విదేశీ నిఘా సంస్థ బీఎన్‌డీ, బవేరియాలోని బాద్ ఐబ్లింగ్ కేంద్రంలో, అమెరికా ఇచ్చిన అన్వేషణ పదాలతో యూరప్ లక్ష్యాలపై కూడా నిఘా పెట్టిందని 2015లో బయటపడింది. బీఎన్‌డీ సొంతంగా కూడా మిత్రదేశాలపై నిఘా నడిపింది. పరులను నిలదీయడానికి తెచ్చిన దీపం సొంత ఇంట్లోని మూలలను చూపించింది. సాక్షిని దూరంగా ఉంచడం వెనుక అమెరికా పట్ల మొహమాటంతో పాటు ఈ భయం కూడా ఉండి ఉండవచ్చునన్న అనుమానం అసంగతం కాదు.

ఆశ్రయం నుంచి విడదీసి సాక్ష్యాన్ని తూచవలసిన అవసరం 2020 మే 19 నాటి తీర్పుతో స్పష్టపడుతుంది. విదేశాల్లో ఉన్న విదేశీయుల సమాచారంపై బీఎన్‌డీ సాగించే నిఘాకు కూడా జర్మన్ రాజ్యాంగపు ప్రాథమిక హక్కులు వర్తిస్తాయని రాజ్యాంగ న్యాయస్థానం ఆ రోజు ప్రకటించింది. చట్టాన్ని సవరించడానికి 2021 చివరి వరకు గడువిచ్చింది. ఈ తీర్పు ప్రవాస తెలుగువారికి సుదూరమైన విషయం కాదు. అమెరికాలో 702వ సెక్షన్ కింద సాగే నిఘాకు లక్ష్యం దేశం వెలుపల ఉన్న విదేశీయులే. పౌరులకూ శాశ్వత నివాసులకూ ఉన్న రక్షణ వారికి లేదు. డాలస్‌లో ఉన్న కొడుకు గుంటూరులో ఉన్న తల్లితో మాట్లాడినప్పుడు, ఆ చట్టం దృష్టిలో తల్లి బయటి మనిషి. స్నోడెన్ పత్రాల ఆధారంగా 2013 జూన్‌లో గార్డియన్ పత్రిక ప్రచురించిన పటం ప్రకారం, ఆ ఏడాది మార్చి నెలలో భారతదేశం నుంచి ఎన్‌ఎస్‌ఏ సేకరించిన సమాచార శకలాలు 630 కోట్లు. బయటి మనిషికి కూడా గోప్యత హక్కు ఉందని ఒక పెద్ద దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పడం వెనుక, మాస్కోలో చిక్కుపడిన ఒక వ్యక్తి లేవనెత్తిన చర్చ ఉంది. అతని చిరునామా నచ్చలేదని ఆ చర్చను వదులుకుంటే నష్టపోయేది గుంటూరులోని తల్లి.

చిత్రమూ పుస్తకమూ

స్నోడెన్ కథకు ప్రామాణిక రూపాన్నిచ్చిన రచనలు రెండు: లారా పోయిట్రస్ తీసిన డాక్యుమెంటరీ 'సిటిజన్‌ఫోర్' (2014), స్నోడెన్ ఆత్మకథ 'పర్మనెంట్ రికార్డ్' (2019). ఆశ్రయం విషయంలో రెండింటిలోనూ ఒక ఖాళీ కనిపిస్తుంది.

పోయిట్రస్ అమెరికా విమానాశ్రయాల్లో పదేపదే నిర్బంధాలను, తనిఖీలను ఎదుర్కొని బెర్లిన్‌కు మకాం మార్చింది. చిత్రం రూపుదిద్దుకున్నది అక్కడే. సాక్ష్యాన్ని చిత్రీకరించిన వ్యక్తికి దొరికిన నగరం సాక్షికి దొరకలేదు. ఈ వైరుధ్యాన్ని చిత్రం నేరుగా ప్రస్తావించదు. చిత్రానికి ప్రాణమంతా హాంకాంగ్ హోటల్ గదిలోని కొద్ది రోజులే. మాస్కో చివరి దృశ్యాలకే పరిమితం. స్నోడెన్, అతని సహచరి వంటింట్లో ఉండగా కెమెరా కిటికీ బయట నిలబడి చూస్తుంది. ఆ దృశ్యం ఆత్మీయంగా ఉంటుంది, కాని రష్యాలో అతని స్థితి గురించి ఏమీ చెప్పదు.

ఆత్మకథలోనూ ఇదే నిష్పత్తి. బాల్యం, కంప్యూటర్లు, నిఘా సంస్థల్లో ఉద్యోగాలు విస్తారంగా ఉంటాయి. రష్యాలో గడిచిన ఏళ్లు చివరి పుటల్లో ముగుస్తాయి. విమానాశ్రయంలో రష్యా నిఘా అధికారి సహకారం కోరగా తాను తిరస్కరించానని స్నోడెన్ రాశాడు. అది నిజమే కావచ్చు. కాని దానికి అతని మాటే సాక్ష్యం. ప్రభుత్వాల మాటను పత్రాలు లేకుండా నమ్మవద్దని నేర్పినవాడు తన విషయంలో పాఠకుల నమ్మకాన్నే అడగవలసి రావడం ఆ పుస్తకంలోని బలహీనత. ఆశ్రితుడు ఆశ్రయదాత గురించి స్వేచ్ఛగా రాయలేకపోవడం అర్థం చేసుకోదగినదే. విమర్శకుడు ఆ మౌనాన్ని నేరంగా లెక్కించనక్కరలేదు. అది ఉందని గుర్తించక తప్పదు.

ఉండిపోయినవాడు, వెళ్లిపోయినవాడు

దేశంలోనే ఉండి శిక్షను స్వీకరించాలన్న వాదనకు జర్మన్ చరిత్రలోనే కఠినమైన ఉదాహరణ ఉంది. 1929 మార్చిలో 'వెల్ట్‌బ్యూనె' అన్న బెర్లిన్ వారపత్రిక, వెర్సాయ్ సంధికి విరుద్ధంగా జర్మనీ రహస్యంగా వైమానిక బలాన్ని పెంచుకుంటున్నదని ఒక వ్యాసం ప్రచురించింది. రచయిత వాల్టర్ క్రైజర్, సంపాదకుడు కార్ల్ ఫొన్ ఒస్సియెట్‌స్కీ. సైనిక రహస్యాలను వెల్లడించిన నేరానికి 1931 నవంబరులో ఇద్దరికీ 18 నెలల శిక్ష పడింది. క్రైజర్ ఫ్రాన్స్‌కు వెళ్లిపోయాడు. ఒస్సియెట్‌స్కీ ఉండిపోయి, 1932 మే నెలలో జైలుకు వెళ్లాడు. సరిహద్దు దాటిన ప్రతిపక్షి గొంతు స్వదేశంలో డొల్లగా వినిపిస్తుందన్నది అతని అభిప్రాయం. సంశయవాదుల పక్షాన ఇంతకంటె బరువైన మాట లేదు. ఎందుకంటే ఆ మాటకు అతడు మూల్యం చెల్లించాడు.

ఆ ఏడాది చివర క్షమాభిక్షతో విడుదలైనా, 1933 ఫిబ్రవరి 28న, రైష్టాగ్ దహనం మరునాడు, నాజీలు అతన్ని మళ్లీ నిర్బంధించారు. నిర్బంధ శిబిరాల్లో ఆరోగ్యం పాడైంది. 1935 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి లభించినా దాన్ని అందుకోవడానికి వెళ్లనివ్వలేదు. 1938 మే 4న మరణించాడు. అంతకంటె ఆలోచించదగినది 1992 నాటి సంగతి. అతని కేసును తిరిగి విచారించాలన్న అభ్యర్థనను ప్రజాస్వామిక జర్మనీ అత్యున్నత క్రిమినల్ న్యాయస్థానం తోసిపుచ్చింది. 1931 తీర్పు ఈనాటికీ రద్దు కాలేదు. ఉండిపోయి శిక్ష అనుభవించినవాడికి చరిత్ర గౌరవమిచ్చింది గాని, చట్టం నిర్దోషిత్వం ఇవ్వలేదు. త్యాగాన్ని ఆదర్శంగా గౌరవించవచ్చు. ఇతరులపై విధించదగిన షరతుగా దాన్ని మార్చడం మాత్రం సులభమైన పని, ముఖ్యంగా శిక్ష తమది కానప్పుడు.

ఆశ్రయపు మూల్యం

ఇక మూడవ వాదన. దానికి హైదరాబాదుతో సంబంధమున్న ఉదాహరణ ఉంది. సరోజినీ నాయుడి సోదరుడు వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ 1880లో హైదరాబాదులో జన్మించాడు. ప్రజావేగు కాదు, విప్లవకారుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ విదేశాంగ శాఖ మద్దతుతో బెర్లిన్ కేంద్రంగా భారత స్వాతంత్ర్యం కోసం పనిచేశాడు. బ్రిటన్‌పై యుద్ధంలో ఉపయోగపడినంత కాలం జర్మనీకి అతడు కావలసినవాడు. 1931లో మాస్కోకు తరలివెళ్లాడు. 1937లో స్టాలిన్ ప్రక్షాళనల్లో అరెస్టయి, ఆ సెప్టెంబరు 2న కాల్చివేతకు గురయ్యాడు. బెర్లిన్, మాస్కో రెండూ అతనికి ఆశ్రయమిచ్చాయి. రెండూ తమ అవసరాల లెక్కతోనే ఇచ్చాయి. ఆశ్రయమిచ్చే రాజ్యం ఆశ్రితుడి ఆదర్శాన్ని చూసి తలుపు తీయదన్న సంగతి అతని జీవితం చెబుతుంది.

స్నోడెన్ విషయంలో ఈ మూల్యం 2022లో కంటికి కనిపించింది. అంతకుముందు అతడు రష్యాను విమర్శించకపోలేదు. 2016లో రష్యా తెచ్చిన నిఘా చట్టాన్ని బహిరంగంగా ఖండించాడు. కాని 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై దాడి జరగవచ్చునన్న హెచ్చరికలను శంకించాడు. దాడి మొదలయ్యాక తన అంచనా తప్పిందని ఒప్పుకుని, ఆ విషయంపై దాదాపు మౌనం వహించాడు. అదే సెప్టెంబరులో పుతిన్ సంతకంతో రష్యా పౌరసత్వం లభించింది. కుటుంబం విడిపోకుండా ఉండేందుకే పౌరసత్వం కోరుతున్నామని అతడు 2020లోనే వివరించాడు. ఏ ప్రవాసి అయినా ఆ కారణాన్ని అర్థం చేసుకోగలడు. అయినా యుద్ధం చేస్తున్న రాజ్యపు పౌరుడిగా ఆ యుద్ధంపై మాట్లాడలేని మనిషి మాటకు, 2013లో హాంకాంగ్ గదిలో మాట్లాడిన మనిషి మాటకున్న బరువు ఉండదు.

కనుక సంశయాన్ని రెండు కాలాలుగా విడదీయాలి. 2013 నాటి సాక్ష్యం పత్రాలపై నిలబడింది. దాన్ని న్యాయస్థానాలు, పార్లమెంట్లు, పత్రికలు పరీక్షించాయి. సాక్షి ఎక్కడ నిద్రపోతున్నాడన్నదానితో దాని నిజానిజాలు మారవు. 2022 తరువాత అతడు చెప్పేది, ముఖ్యంగా చెప్పకుండా వదిలేది, ఆశ్రయపు నీడలో ఉన్నది. అక్కడ సంశయం న్యాయమే. ఈ రెండింటినీ కలిపివేసి రెండవదానితో మొదటిదాన్ని కొట్టివేయడమే ప్రస్తుత సంశయవాదంలోని ప్రధాన దోషం. మొదటిదానిపై గౌరవంతో రెండవదాన్ని చూడకపోవడం అతని అభిమానుల దోషం.

మిగిలినది ఆశ్రయం ఇవ్వని దేశాల బాధ్యత. స్నోడెన్ రష్యాలో ఉన్నాడని బెర్లిన్ ఆక్షేపించినప్పుడల్లా, అతడు అక్కడ ఉండడంలో బెర్లిన్ పాత్ర కూడా గుర్తుకు రావాలి. యూరోపియన్ యూనియన్ ఆదేశాన్ని అనుసరించి జర్మనీ ఎట్టకేలకు హిన్‌వైస్‌గేబర్లను రక్షించే చట్టం చేసింది. కంపెనీల్లో, కార్యాలయాల్లో అక్రమాలను బయటపెట్టే ఉద్యోగులకు అది నిజంగా ఉపయోగపడే చట్టం. జర్మనీలో పనిచేస్తున్న వేలాది భారతీయ ఉద్యోగులకు కూడా ఆ రక్షణ వర్తిస్తుంది. అది అమలులోకి వచ్చినది 2023 జూలై 2న, అంటే స్నోడెన్ అభ్యర్థనను నిరాకరించిన రోజుకు సరిగ్గా పదేళ్లకు. ఆ చట్టంలోని 5వ సెక్షన్ జాతీయ భద్రతకూ నిఘా సంస్థలకూ సంబంధించిన సమాచారాన్ని దాని పరిధి నుంచి మినహాయించింది. రేపు బీఎన్‌డీలోనే ఒక ఉద్యోగి స్నోడెన్ చూసినటువంటిదేదైనా చూసి ప్రజలకు చెప్పదలచుకుంటే, ఆ చట్టం అతనికి నీడ ఇవ్వదు. అతడు కూడా పటం ముందు కూర్చుని, ఏ దేశపు తలుపు తట్టాలో వెతుక్కోవలసిందే.